ఎదురుగా వచ్చి చెప్పు

"పదకొండు!" అని అరిచాడు పవన్‌కుమార్. సెమినార్ హాల్లో ఉన్న పద్దెనిమిది మందీ గొల్లుమన్నారు.

రవళి ప్రేక్షకులకు ఎన్నిసార్లు వీపు చూపించిందో అతను లెక్కపెడుతున్నాడు. నాటికలో ముసలమ్మ వేషం రవళిది, కొడుకు వేషం పవన్‌కుమార్‌ది. కొడుకు వేదిక ముందుభాగంలో, ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడి ఫోన్ చూసుకుంటుంటాడు. తల్లి వెనకనుంచి వచ్చి, అతని పక్కన నిలబడి, "నన్ను మల్ల ఊరికి తోలియ్యి కొడుకా" అనాలి. చెయ్యాల్సింది ఇంతే. రవళి మాత్రం పక్కన ఆగడం లేదు. అతని చుట్టూ తిరిగి, సరిగ్గా ముఖానికి ఎదురుగా నిలబడి, అరచెయ్యి పైకెత్తి, అతను తలెత్తి తన కళ్లలోకి చూసేదాకా ఆగి, అప్పుడు గానీ నోరు విప్పడం లేదు. అలా నిలబడితే ప్రేక్షకులకు దక్కేది ఆమె జడ ఒక్కటే.

"రవళీ, ఇటు చూడమ్మా," అన్నారు నాగేశ్వరి మేడం. "మొదటి రోజు మొదటి పాఠం ఏం చెప్పాను?"

"సూసెటోల్లకు వీపు సూపియ్యొద్దు మేడం."

"తెలుసు కదా. మరేంటిది?"

"తెల్వదు మేడం. కాళ్లు గట్లనే పోతున్నయ్."

నాగేశ్వరి మేడం అసలు ఇంగ్లీషు లెక్చరర్. ఆవిడ తండ్రి రాజమండ్రి నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన మనిషి. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ పటాన్‌చెరు పక్కనే అయినా మాటలో గోదావరి పోలేదు. చిన్నప్పుడు క్వార్టర్స్‌లో నాటకాలు వేసిన సరదా కొద్దీ, ఈ ఏడాది రెండో సంవత్సరం డిగ్రీ పిల్లలకు రంగస్థల నటన ప్రాథమిక పాఠాలు నేర్పుతానని ముందుకొచ్చారు. చేరిన పిల్లల్లో ముప్పాతిక మంది కంప్యూటర్ కోర్సులో సీటు దొరక్క వచ్చినవాళ్లే. రవళీ అంతే. కానీ మూడో క్లాసుకల్లా ఆమెకు ఈ పిచ్చి బాగా పట్టుకుంది.

నాటిక పేరు తొమ్మిదో అంతస్తు. పిల్లలందరూ కూర్చుని అల్లుకున్నదే. కొల్లూరులో ప్రభుత్వ డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చిన ఒక ముసలమ్మ, ఊళ్లో పెంచుకున్న కోళ్లను గంపలో పెట్టుకుని లిఫ్టులో తొమ్మిదో అంతస్తుకు చేరుతుంది. ఆ తర్వాత జరిగే రభస అంతా నవ్వే. ఆఖర్న మాత్రం ఆమె బాల్కనీలో నిలబడి మాట్లాడే మాటలు కాస్త గుండె పట్టుకుంటాయి. ఆ మాటల్లో సగానికి సగం రవళి చెప్పి రాయించినవే.

మేడం సుద్దముక్కతో వేదిక మీద ఒక గుండ్రం గీశారు. "ఇందులోంచి కాలు బయటపెట్టకు, చాలు."

రవళి గుండ్రంలోకి వచ్చి నిలబడింది. పవన్‌కుమార్ ఫోన్లో మునిగి ఉన్నాడు. అతను చూడటం లేదు. చూడని మనిషితో ఏం మాట్లాడుతుంది? నాలుక అంటుకుపోయింది. కుడికాలు దానంతటది గుండ్రం దాటింది.

"పన్నెండు!"

ఈసారి మేడం నవ్వలేదు, కోప్పడనూ లేదు. చేతి గడియారం చూసుకుని, "ఇవాళ సోమవారం. శనివారం ప్రదర్శన. అందరి తల్లిదండ్రులూ వస్తారు," అని నిట్టూర్చారు. "సత్యశ్రీ, ముసలమ్మ నువ్వు చెయ్యి. రవళీ, నువ్వు లిఫ్టు తలుపు."

లిఫ్టుకు రెండు తలుపులు. ఇద్దరు పిల్లలు చేతులు చాచి నిలబడి, కోడిగంప వచ్చినప్పుడల్లా పక్కకు జరగాలి. మాటల్లేవు, ముఖంలో భావాలు అసలే వద్దు. రవళి తలూపి వెళ్లి తలుపైంది. తను చెప్పి రాయించిన మాటల్ని సత్యశ్రీ కాగితం పట్టుకుని చదువుతుంటే, చాచిన చేతుల్ని దించకుండా ఆ సాయంత్రమంతా విన్నది.

---

లక్డారంలో వాళ్లింటి ముందు నల్లా దగ్గర రవళి తండ్రి బాలప్ప చేతులు కడుక్కుంటున్నాడు. ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో పెద్ద యంత్రాల కింద రేకులు కొట్టే పని అతనిది. గోళ్ల సందుల్లో నల్లనూనె పేరుకుంటుంది కనుక సబ్బు పొడి వేసి, ఒక్కో వేలినీ విడిగా పట్టుకుని రుద్దుతాడు. పదివేళ్లూ పూర్తయ్యేదాకా లేవడు.

రవళి చాయ్ తెచ్చి, నల్లా చుట్టూ తిరిగి అతనికి ఎదురుగా నిలబడింది. అరచెయ్యి పైకెత్తింది. అతను తలెత్తాడు. కళ్లు కలిశాయి. అప్పుడు, "చాయ్ నాయినా," అన్నది.

ఆ ఇంట్లో బాలప్పను ఎవరూ వెనకనుంచి పిలవరు. ప్రెస్ షాపులో వెనకనుంచి పిలిస్తే ఆ మోతలో ఎలాగూ వినబడదు. భుజం తట్టడం అంతకన్నా పెద్ద తప్పు. డై అనే ఉక్కు అచ్చు కింద రేకు సర్దుతున్న మనిషిని వెనకనుంచి తడితే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడిన మనిషి వేళ్లు ఎక్కడుంటాయో దేవుడికే తెలియాలి. అందుకే అక్కడ చేరిన కుర్రాడు బీహార్ నుంచి వచ్చినా బీదర్ నుంచి వచ్చినా బాలప్ప మొదట చెప్పే మాట ఒకటే: ఎదురుగా వచ్చి నిలబడు, చెయ్యి లేపు, నేను చూసినంక చెప్పు. ఆ నియమం టిఫిన్ డబ్బాతో పాటు ఇంటికీ వచ్చేసింది. ఎప్పుడు వచ్చిందో భార్య ఆగమ్మకూ తెలియదు. అతని చెవులు ఎప్పుడు పోయాయో ఎవరూ చెప్పలేనట్టే.

"ఏమాయె రిహార్సలు?" అన్నాడు బాలప్ప. తన గొంతు తనకు వినపడదు కనుక, ఆ ప్రశ్న వీధి చివర కిరాణా కొట్టుదాకా వెళ్లింది. "ముసలమ్మ ఏం జేసింది ఇయ్యాల?"

"ఏసం మారింది నాయినా. లిఫ్టు తలుపు."

తప్పు చదివాననుకున్నాడేమో, ఆమె పెదాలకేసి ఇంకా దగ్గరగా వంగాడు. "ఏందీ?"

"లిఫ్టు తలుపు." రెండు చేతులూ చాచి చూపించింది.

"తలుపుకు మాటలుండయ్ గద?"

"ఉండయ్."

"ముసలమ్మ మాటలన్ని నీయే గద బిడ్డా. ఎందుకు తీసేసిండ్రు?"

"వీపు సూపిస్తున్న అంట."

బాలప్పకు ఇది బొత్తిగా మింగుడుపడలేదు. తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ ఆలోచించి, "నువ్వా? పుట్టినకాన్నుంచి నాకు ఒక్కదినం వీపు సూపియ్యలే నువ్వు," అన్నాడు.

తన కాళ్లు ఎందుకలా పోతున్నాయో రవళికి అప్పుడు తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు. ఈ మనిషి ముందు నిలబడి, నీవల్లే నా వేషం పోయింది అని ఏ నోటితో అంటుంది? "చాయ్ సల్లారుతుంది," అని లోపలికి పోయింది.

---

బుధవారం మధ్యాహ్నం మూడింటికి సత్యశ్రీ బాల్కనీ మాటలు చెబుతోంది. రవళి తలుపై నిలబడి ఉంది. హాలు వెనక తలుపు దభాలున తెరుచుకుంది.

"రవళీ! కాయిదం మర్సిపోయినవ్!"

ఆ కేక ప్రెస్ షాపు కొలతకు సరిపోయింది గానీ సెమినార్ హాలుకు మరీ ఎక్కువైంది. సత్యశ్రీ చేతిలో కాగితాలు జారి కిందపడ్డాయి. నీలం యూనిఫారంలో, చంకన టిఫిన్ డబ్బాతో, చేతిలో ఒక కాగితం ఊపుతూ గుమ్మంలో బాలప్ప నిలబడి ఉన్నాడు. శనివారం పిల్లలు ఏడింటిదాకా కాలేజీలో ఉండటానికి ఇంట్లో పెద్దలు సంతకం చేసి ఇవ్వాల్సిన అనుమతి పత్రం అది. తలుపు వేషానికి సంతకం ఎందుకులే అని రవళి దాన్ని ఇంట్లోనే వదిలేసింది. బాలప్ప పొద్దున ఆరింటి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి, అది చూసి సంతకం పెట్టి, డబ్బా కూడా దించకుండా వచ్చాడు.

వెనకనుంచి ఎవరో అతని గొంతును అనుకరించారు. నవ్వులు మొదలయ్యాయి. రవళి చెవులు కాలిపోయాయి. వేదిక మీదినుంచి ఒక్క గెంతు గెంతి, బెంచీల మధ్యనుంచి పరుగెత్తి తండ్రి ముందుకొచ్చి ఆగింది. అరచెయ్యి ఎత్తింది. అతని కళ్లు తన మీద నిలిచాక, గొంతు లేకుండా ఉత్త పెదాలతో చెప్పింది: "గట్టిగ అనకు నాయినా. క్లాసు నడుస్తుంది. బయట కూసో, వస్త."

బాలప్ప ముఖం చిన్నబోయింది. వినిపించని నవ్వును ఇప్పుడు చుట్టూ ముఖాల్లో చూశాడు. కాగితం ఆమె చేతిలో పెట్టి వెనుదిరిగాడు.

"ఆగండి," అన్నారు నాగేశ్వరి మేడం. అతను ఆగలేదు. వినపడితే కదా. మేడం వేదిక దిగి వచ్చి రవళి పక్కన నిలబడ్డారు. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"మీ నాన్నగారికి వినపడదా?"

"ఇనవడదు మేడం. ప్రెస్ షాపు."

"చెయ్యెత్తి, ఆయన చూసేదాకా ఆగి... ఇంట్లో ఎప్పుడూ ఇంతేనా?"

"ఔ మేడం."

"నాకు చెప్పలేదేం అమ్మా?"

"ఏమని చెప్పాలె మేడం?" అన్నది రవళి. "మా నాయిన వల్ల తప్పు జేస్తున్న అని చెప్పాలెనా?"

మేడం గబగబా నడిచి, గుమ్మం దాటిపోయిన బాలప్ప ముందుకెళ్లి నిలబడ్డారు. కొంచెం తడబడుతూ అరచెయ్యి ఎత్తారు. అతను చూశాక, ఒక్కో మాటా విడివిడిగా అన్నారు. "కూర్చోండి. మీతో నాకు పనుంది."

"నాతోనా!" అని బాలప్ప పెట్టిన కేకకు కిటికీ అద్దాలు కదిలాయి. "నేను రేకులు కొట్టెటోన్ని మేడం!"

అతన్ని చివరి బెంచీలో కూర్చోబెట్టారు. రవళిని మళ్లీ వేదిక ఎక్కించి, పవన్‌కుమార్‌ను ఫోన్‌తో ముందు నిలబెట్టారు. "రవళీ, విను. కథలో నువ్వు మాట్లాడేది కొడుకుతోనే. కానీ వినాల్సిన మనిషి అదిగో, అక్కడున్నాడు. నీకు కళ్లు కావాలి కదా. అక్కడున్నాయి, తీసుకో."

రవళి వెనకనుంచి నడిచి వచ్చింది. పవన్‌కుమార్ పక్కకు చేరగానే పాదం అలవాటుగా అతని ముందుకు తిరగబోయింది. ఆమె తలెత్తింది. హాలు చివర, పన్నెండు బెంచీల అవతల, బాలప్ప ఆమెనే చూస్తున్నాడు. పాదం ఆగిపోయింది. ఆమె ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని అన్నది: "నన్ను మల్ల ఊరికి తోలియ్యి కొడుకా. ఈడ కోడి కూసినా ఎవలు లేవరు."

"కోడి కూసినా ఎవలు లేవరంట!" అని చివరి బెంచీ నుంచి బాలప్ప ఆనందంగా అరిచాడు.

ఎవరూ నవ్వలేదు. పవన్‌కుమార్ ఫోన్ జేబులో పెట్టేసి, వెనక్కి తిరిగి రవళిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

తర్వాత సత్యశ్రీ అదే మాట చెప్పింది. బాలప్ప మొహమాటంగా మెడ రుద్దుకున్నాడు. "ఆ బిడ్డ పెదవులు కదులుతున్నయ్ గని మాట బయటికి అస్తలేదు." పవన్‌కుమార్ చెప్పాడు. "ఈ పిలగాడు నేలకు చెప్తుండు." ఒకరి తర్వాత ఒకరు వేదిక ఎక్కారు. బాలప్పకు అర్థమైతే చెయ్యెత్తేవాడు, కాకపోతే తల అడ్డంగా ఊపేవాడు. నాలుగోవాడు వచ్చేసరికి మొహమాటం పోయి, ప్రెస్ కింద నుంచి వచ్చిన పీసును వెలుగులో పట్టి చూసే మనిషైపోయాడు. "రిజెక్ట్! మల్ల చెప్పు!" అనేవాడు. పిల్లలకు అది ఎంత నచ్చిందంటే, రిజెక్ట్ అయినవాళ్లు వరసలో వెనక్కి వెళ్లి మళ్లీ నిలబడ్డారు. నెల రోజులుగా గొంతు పెంచండి, ముఖం ఎత్తండి, మాట నమలకండి అని మేడం మొత్తుకున్నదంతా ఆ ఒక్క గంటలో పిల్లల ఒంటికి పట్టింది.

క్లాసు అయ్యాక మేడం అందరి ముందూ రవళి చెయ్యి పట్టుకున్నారు. "తప్పు నాది. ఎందుకు చేస్తున్నావని ఒక్కసారి సరిగ్గా అడగాల్సింది. వేషం తీసేశాను. తిరిగి తీసుకుంటావా?"

రవళి సత్యశ్రీ వైపు చూసింది. సత్యశ్రీ ముఖం ముడుచుకునే ఉంది. "రెండ్రోజులు కూర్చుని బట్టీ పట్టానే," అన్నది. ఆ తర్వాత భుజం మీది ముసలమ్మ శాలువా తీసి, మడతపెట్టి ఇచ్చింది. "అవి నీ మాటలే. నా నోటికి ఎలాగూ తిరగట్లేదు. తలుపైతే నిలబడితే చాలు."

అంత సులువుగా ఇచ్చేసే మనిషి కాదని రవళికి తెలుసు. అందుకే శాలువాతో పాటు సత్యశ్రీ రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు.

గురువారం, శుక్రవారం కూడా బాలప్ప షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. పవన్‌కుమార్ తనే వెళ్లి, ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి, "చాయ్ తాగుదాం రా అంకుల్," అని క్యాంటీన్‌కు తీసుకెళ్లాడు. సోమవారం తను పెట్టిన లెక్క సంగతి ఆ అబ్బాయి రవళి దగ్గర ఎత్తలేదు. చాయ్ మాత్రం రెండు రోజులూ తనే తెచ్చి ఇచ్చాడు. ఇరవై రెండేళ్ల నౌకరిలో మొదటిసారి తనను ఎవరో పని నేర్పమని అడిగారని బాలప్ప ఆగమ్మతో చెప్పాడట. వాడకట్టంతా విన్నది.

---

శనివారం సాయంత్రం ఐదింటికి హాలు నిండిపోయింది. షిఫ్టు దిగిన తండ్రులు, చంటిపిల్లలతో తల్లులు, ముందు వరసలో ప్రిన్సిపాల్. చోటు చాలక వాచ్‌మన్ ప్రభాకర్, బస్సు డ్రైవర్లు చివరి బెంచీలో సర్దుకున్నారు.

కోడిగంప లిఫ్టులోకి రాగానే మొదలైన నవ్వు ఆగలేదు. సత్యశ్రీ ఎంత శ్రద్ధగా తలుపైందంటే, ఆమెకు విడిగా చప్పట్లు పడ్డాయి. రవళి తండ్రి కోసం చూడలేదు. ఎక్కడుంటాడో ఆమెకు తెలుసు.

ఆఖరి మాటల వంతు వచ్చింది. పవన్‌కుమార్ ఫోన్‌తో ముందు నిలబడ్డాడు. రవళి శాలువా సర్దుకుంటూ వచ్చి అతని పక్కన ఆగి, తలెత్తి చివరి బెంచీ వైపు చూసింది. అక్కడ ప్రభాకర్ ఉన్నాడు, డ్రైవర్లు ఉన్నారు. బాలప్ప లేడు.

వరస వరసా వెతుక్కుంటూ వచ్చిన చూపు చివరకు ముందు వరసకు చేరింది. ప్రిన్సిపాల్ పక్కన, మెత్తటి సోఫాలో, ఇస్త్రీ చొక్కాలో బాలప్ప. మేడం గౌరవం కొద్దీ పేరు రాసిపెట్టి మరీ అక్కడ కూర్చోబెట్టారు. ఇంత దగ్గరగా ఉండి, అతను ఆమెను చూడటం లేదు. సోఫాలో వెనక్కి తిరిగి, ఒక మోకాలు పైకి పెట్టుకుని, వేదికకు పూర్తిగా వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె ఆగింది. అతను తిరగలేదు. నాలుక అంటుకుపోయింది. నాలుగు మెట్లు దిగి, చుట్టూ తిరిగి, అతని ముందు నిలబడి చెయ్యెత్తితే చాలు. పాదాలు అటే లాగుతున్నాయి. పక్కనుంచి పవన్‌కుమార్ పెదాలు కదపకుండా, "నన్ను మల్ల ఊరికి..." అని అందించాడు. మాట మరిచిపోయిందనుకున్నాడు పాపం. మాటలన్నీ ఉన్నాయి. వాటిని తీసుకునే కళ్లే లేవు.

ఆ నిశ్శబ్దానికి చంటిపిల్లల్ని ఊరుకోబెడుతున్న తల్లులు ఊరుకున్నారు. ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు ఏమైందోనని తలలెత్తారు. నాన్న ఏం చూస్తున్నాడో అని రవళి అతని తల మీదుగా అటే చూసింది. హాలునిండా ముఖాలు. ఒక్కటీ కిందికి వంగి లేదు. చివరి బెంచీలో ప్రభాకర్ ముందుకు వంగి, రెండు చేతులూ ముందు బెంచీ మీద ఆనించి, ఆమె మాట కోసం కాచుకుని ఉన్నాడు.

చెయ్యెత్తి అడగకుండానే ఇంతమంది చూస్తున్నారు.

"నన్ను మల్ల ఊరికి తోలియ్యి కొడుకా," అన్నది రవళి, ప్రభాకర్‌తో. "ఈడ కోడి కూసినా ఎవలు లేవరు." నవ్వు లేచింది. అది తగ్గేదాకా ఆగింది. "మన తలుపు ముందట కూసుంటె, పోయెటోల్లు వచ్చెటోల్లు తిన్నవా అని అడుగుదురు. ఈడ తొమ్మిది అంతస్తులు ఎక్కి ఎవలడుగుతరు కొడుకా? తిన్ననని ఎవలికి చెప్పాలె?"

ప్రభాకర్ కదలలేదు. ఎవరూ కదలలేదు. బాలప్ప ఆఖరిదాకా ఇటు తిరగలేదు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి వీపుకు అన్ని మాటలు చెప్పడం రవళికి అదే మొదలు.

---

చప్పట్లూ ఫొటోలూ అయ్యాక, తండ్రీకూతుళ్లు హైవే పక్కన షేర్ ఆటో కోసం నిలబడ్డారు. లారీల మోత. రవళి అతనికి ఎదురుగా వచ్చి చెయ్యెత్తింది.

"నువ్వు నన్ను సూడనే లే నాయినా."

"నిన్ను రోజు సూస్తనే ఉంట గద బిడ్డా!" అన్నాడు బాలప్ప. ఆటో కోసం నిలబడ్డ జనమంతా తిరిగి చూశారు. "నన్ను తెచ్చి ముందట కూసోబెట్టిరి. ఎనకోల్లకు సమజ్ అయితుందో లేదో ఎవలు సూడాలె మరి? గది నా పని గద!"

రవళి కళ్లు తుడుచుకుని, పెదాలు అతనికి కనబడేలా ముఖం ఎత్తి, "అయిందా మరి?" అని అడిగింది.

"అయిందా అంటవ్! ఆ వాచ్‌మన్ తెరిసిన నోరు మూయలే. ఇద్దరు ఆడోల్లు కొంగు కండ్లకు పెట్టుకున్నరు. ఒక పిలగాడు జేబుల ఫోను మోగుతున్నా తియ్యలే!"

ఇలాంటి నాన్నను తనకిచ్చిన దేవుడికి, ఆ నాన్నను చివరి బెంచీలో కూర్చోబెట్టిన మేడంకు, శాలువా విప్పి ఇచ్చిన సత్యశ్రీకి, అందరికీ ఒకేసారి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకు. ఆటో వచ్చింది. ఇరుక్కుని కూర్చున్నారు. తండ్రి గొంతు తగ్గించమని చెప్పడం చిన్నప్పటినుంచీ ఆమెకు అలవాటు. ఆ పూట చెప్పలేదు.

"ఇంకెవలెవలు ఏం జేసిండ్రు నాయినా? ఒక్కొక్కలది చెప్పు," అన్నది.

బాలప్ప మొదటి వరసనుంచి మొదలుపెట్టాడు. ఆటోలో ఉన్న ఏడుగురూ లక్డారం దాకా విన్నారు.